టాలిన్ బ్లాక్ నైట్స్‌లో బాల్టిక్ సినిమాలు: ముందు హాలు చూడండి, తర్వాతే సినిమా

మన దగ్గర ఫెస్టివల్ సినిమాలు చూసేవాళ్లలో చాలామందికి బాల్టిక్ దేశాల పేరు 2024లో గోవా అంతర్జాతీయ చలనచిత్రోత్సవం ఇఫీలో గట్టిగా వినబడింది. ఆ ఏడాది అక్కడి అత్యున్నత బహుమతి గోల్డెన్ పీకాక్ లిథువేనియా దర్శకురాలు సౌలే బ్లూవైతే తీసిన 'టాక్సిక్'కు దక్కింది. 2025 మార్చిలో లాత్వియా కుర్రాడు గింట్స్ జిల్బాలోడిస్ తీసిన 'ఫ్లో' ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలిచింది. లాత్వియాకు అదే మొదటి ఆస్కార్. ఈ రెండూ చూసి, ఇలాంటివి ఇంకా ఎక్కడ చూడొచ్చని అడిగేవాళ్లకు మేం చెప్పే చోటు ఎస్టోనియా రాజధాని టాలిన్. అక్కడ ఏటా నవంబర్‌లో బ్లాక్ నైట్స్ ఫిల్మ్ ఫెస్టివల్ జరుగుతుంది. ఊళ్లోవాళ్లు పోఫ్ అంటారు. ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా సినిమాలను ఒకే ఊళ్లో, పెద్ద తెర మీద, వరసగా చూడటానికి దీనికి సాటి వచ్చేది మరొకటి లేదు.

టీనా లోక్ 1997లో మొదలుపెట్టిన ఉత్సవం ఇది. 2014లో అంతర్జాతీయ నిర్మాతల సంఘాల సమాఖ్య దీన్ని కాన్, బెర్లిన్, వెనిస్ ఉన్న పోటీ ఉత్సవాల జాబితాలో చేర్చింది. మన గోవా కూడా ఆ జాబితాలోదే. రెండూ నవంబర్‌లోనే జరుగుతాయి కాబట్టి ఏటా గోవా వెళ్లేవాళ్లు ఒక ఏడాది దాన్ని వదులుకోవడమో, టాలిన్ మొదటి వారం చూసుకుని బయల్దేరడమో చేయాలి.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. సినిమాల ఎంపిక చాలా బాగుంటుంది. కానీ ఏ సినిమా ఏ హాల్లో చూశారన్నదాని మీద అనుభవం పూర్తిగా మారిపోతుంది. బాల్టిక్ సినిమాల్లో చీకటీ నిశ్శబ్దమే సగం కథ చెప్తాయి. తెర మీద నలుపు బూడిదరంగుగా పడినా, పక్క హాలు చప్పుడు గోడ దాటి వచ్చినా ఆ సగం పోయినట్టే. అందుకే ఇక్కడ టికెట్ కొనేటప్పుడు మామూలు వరస తిరగేయాలి. హాలు ఏదో ముందు చూడాలి, షో వేళ తర్వాత, సీటు ఆ తర్వాత.

షెడ్యూల్ వెతకడం దగ్గరే కొన్ని సినిమాలు చేజారతాయి. ఉత్సవంలో రెండు వందలకు పైగా పూర్తి నిడివి చిత్రాలుంటాయి. అందులో బాల్టిక్ పోటీ విభాగం చిన్నది. ఆ ఒక్క పేజీ చూసి సరిపెట్టుకోకూడదు. తొలి సినిమా తీసిన దర్శకుల చిత్రం తొలి చిత్రాల పోటీలో ఉండొచ్చు. డాక్యుమెంటరీకి వేరే విభాగం ఉంటుంది. పిల్లలవి, టీనేజర్లవి జస్ట్ ఫిల్మ్‌లో, పొట్టి చిత్రాలూ పొట్టి యానిమేషన్లూ పోఫ్ షార్ట్స్‌లో ఉంటాయి. దేశం పేరుతో వెతకడం మేలు. అందులోనూ ఒక మెలిక ఉంది. ఈ మూడూ చిన్న దేశాలు, ఒంటరిగా పెట్టుబడి పెట్టుకోలేవు. అందుకని పెద్ద సినిమాలు చాలావరకు ఉమ్మడి నిర్మాణాలే. 'ఫ్లో' లాత్వియా, ఫ్రాన్స్, బెల్జియం కలిసి తీసింది. 2015లో ఆస్కార్ నామినేషన్ అందుకున్న 'టాంజరీన్స్' ఎస్టోనియా, జార్జియాలది. దాని దర్శకుడు జార్జియా వాడు, కథ జరిగేది అబ్ఖాజియాలో. వెతుకులాటలో ఎస్టోనియా అని కొడితే, ఎస్టోనియా డబ్బు కొద్దిగా ఉన్న వేరే దేశాల సినిమాలు కూడా వచ్చిపడతాయి. దేశాల వరసలో మొదట ఏ పేరుందో, దర్శకుడిది ఏ దేశమో, ఏ భాషలో తీశారో ఈ మూడూ చూస్తే తేలిపోతుంది.

ఇక హాళ్లు. పాతబస్తీ ప్రవేశద్వారం విరు వాకిలికి దగ్గర్లోని అపోలో కోకాకోలా ప్లాజా మల్టీప్లెక్స్ ఉత్సవానికి గుండెకాయ. పాతబస్తీ లోపల వానా పోస్తి వీధిలో స్తంభాల ముఖద్వారంతో సోప్రుస్ ఉంది. 1955లో సోవియట్ కాలపు శైలిలో కట్టిన సింగిల్ థియేటర్ అది. నిర్మాణం చూడటానికైనా ఒక షో అక్కడ పెట్టుకోవాలి. కాద్రియోర్గ్ పార్కు పక్కన కూమూ ఆర్ట్ మ్యూజియం ఆడిటోరియం ఉంది, కానీ ఊరి మధ్య నుంచి అక్కడికి వెళ్లిరావడానికి విడిగా సమయం లెక్కేసుకోవాలి.

మల్టీప్లెక్స్‌కూ పాత హాలుకూ తేడా ఎక్కడ వస్తుందో వివరంగా చెప్పాలి. మల్టీప్లెక్స్ ఎక్కడిదైనా మెట్ల వాలు నిటారుగా ఉంటుంది, ముందు తల అడ్డం రాదు, సబ్‌టైటిల్ చివరి వరస దాకా కనిపిస్తుంది. మామూలుగా బొమ్మ కూడా స్పష్టంగా ఉంటుంది. చిక్కు శబ్దంతో. పక్క తెర మీద యాక్షన్ సినిమా ఆడుతుంటే బేస్ శబ్దం గోడ దాటుతుంది. గట్టిగా మోగే సినిమాలో అది తెలియదు. 'ఫ్లో' లాంటిదానిలో బాగా తెలుస్తుంది. ఎనభై అయిదు నిమిషాల ఆ సినిమాలో ఒక్క మాట లేదు. పిల్లి గురగుర, నీటి అలల తీరు, దూరంగా పక్షి రెక్కల చప్పుడు, వీటితోనే ప్రేక్షకుడు కథ పట్టుకోవాలి. జిల్బాలోడిస్ దాన్ని ఉచితంగా దొరికే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌తో చేశాడు. బొమ్మలో మెరుపు తక్కువే, జంతువుల ఒంటి మీద వెంట్రుక వెంట్రుకా చెక్కిన పని కాదది. దాని బలం కెమెరా కదలికలో, శబ్దంలో ఉంది. అలాంటి సినిమాకు పక్క తెరల మీద పెద్ద విడుదలలు ఆడే శుక్ర, శనివారాల సాయంత్రం షో తీసుకోకండి. వారం మధ్యలో పగటి షో తీసుకోండి.

చీకటి సంగతి ఇంకా ముఖ్యం. అన్నా హింట్స్ తీసిన 'స్మోక్ సౌనా సిస్టర్‌హుడ్' 2023లో యూరోపియన్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ డాక్యుమెంటరీ. దక్షిణ ఎస్టోనియాలో వోరు ప్రాంతపు పొగ సౌనాలో, అంటే పొగతో వేడెక్కించే ఆవిరి స్నానపు గదిలో, ఆడవాళ్లు కూర్చుని, బయట ఎక్కడా చెప్పుకోలేని మాటలు చెప్పుకుంటారు. 2014లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన సంప్రదాయం అది. తెర మీద ఎక్కువసేపు కనిపించేది ఒక భుజం, తడిసిన వీపు, చిన్న కిటికీ నుంచి పడే వెలుతురు గీత. మాట్లాడే ఆమె ముఖం చాలాసార్లు కనబడదు. వింటున్న ఆమె మెడ మీద చెమట చుక్క జారుతుంటే, ఆ చుక్క మీద పడిన వెలుగే షాట్ మొత్తం. డిజిటల్ ప్రొజెక్టర్ నలుపు ఎప్పుడూ నిజమైన నలుపు కాదు, కాస్త వెలుగు కారుతూనే ఉంటుంది. తెర పక్కనే ఎగ్జిట్ దీపం ఉంటే ఆ కొద్ది చీకటి కూడా కరిగిపోతుంది. సీటు ఎంచుకునేటప్పుడు హాలు ప్లాన్‌లో తలుపులు ఎక్కడున్నాయో చూసి, ఆ వైపు కాకుండా మధ్యకు జరగండి. రైనర్ సార్నెట్ 2017లో తీసిన బ్లాక్ అండ్ వైట్ సినిమా 'నవంబర్'కు కూడా ఇదే వర్తిస్తుంది. మంచూ వెన్నెలా నల్లటి అడవీ కలిసిన ఆ బొమ్మలో బూడిదరంగు ఛాయలన్నీ విడివిడిగా తెలియకపోతే సినిమా పేలవంగా ఉందనుకుని లేచిపోతారు.

తర్వాతిది సబ్‌టైటిళ్లు. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఎస్టోనియాలో రోజువారీ థియేటర్ షోలకు ఎస్టోనియన్, రష్యన్ సబ్‌టైటిళ్లు వేయడం మామూలు. ఉత్సవంలో ఇంగ్లీష్ ఉంటుంది, అయినా ప్రతి షో పక్కన రాసి ఉన్నది చదవాలి. ఒకే సినిమా ఒక షోకు ఇంగ్లీష్‌తో, మరో షోకు లేకుండా ఉండే అవకాశం ఎక్కడైనా ఉంటుంది. పిల్లల సినిమాలకు మరీ జాగ్రత్త. చదవలేని పిల్లల కోసం హాల్లోనే మైకులో స్థానిక భాషలో చదివి వినిపించే పద్ధతి యూరప్ ఉత్సవాల్లో ఉంది. అలాంటి షోలో మనకు అసలు సంభాషణలూ వినబడవు, చదివేదీ అర్థం కాదు.

సబ్‌టైటిల్ బొమ్మ మీదే వస్తుందా, తెర కింద వేరే పట్టీ మీద వస్తుందా అన్నది రెండో ప్రశ్న. రెండు భాషలు కావాల్సినప్పుడు ఒకటి బొమ్మతో పాటు, రెండోది కింద పట్టీ మీద వేస్తారు. పట్టీ మీది వరసల్ని చాలా ఉత్సవాల్లో ఒక మనిషి కూర్చుని, మాటలు వింటూ మీట నొక్కి పంపిస్తాడు. తొందరగా మాట్లాడుకునే సీన్లో ఒక వరస వెనకబడితే మరో నిమిషం పాటు మాటలు ఒకరివి, అక్షరాలు ఇంకొకరివి అవుతాయి. అది సర్దుకుంటుంది, కంగారుపడి బయటికి రాకండి. పట్టీ కిందుగా ఉంటుంది కాబట్టి నేల వాలు తక్కువున్న పాత హాళ్లలో ముందు కూర్చున్నవాళ్ల తలలు దానికే అడ్డం వస్తాయి. అలాంటి హాల్లో నడవ పక్క సీటు తీసుకుంటే ఒక వైపైనా ఖాళీ ఉంటుంది. మెట్ల హాల్లో అయితే మూడింట రెండొంతుల వెనక, మధ్య సీటు.

ఎందుకింత పట్టింపు అంటే మార్టి హెల్డే 2014 సినిమా 'ఇన్ ద క్రాస్‌విండ్' సంగతి చెప్పాలి. 1941 జూన్‌లో సోవియట్ ప్రభుత్వం బాల్టిక్ దేశాల నుంచి వేలాది కుటుంబాలను సైబీరియాకు తరలించింది. ఆ కథను హెల్డే నటులను కదలకుండా నిలబెట్టి చెప్పాడు. రైలు పెట్టె ఎక్కిస్తున్న సిపాయి చెయ్యి గాల్లో ఆగి ఉంటుంది. తల్లి కొంగు ఎగిరినట్టే నిలిచిపోతుంది. కెమెరా ఒక్కటే వాళ్ల మధ్య నుంచి నెమ్మదిగా నడుస్తుంది. నేపథ్యంలో ఎర్నా అనే ఆమె భర్తకు రాసిన ఉత్తరాల గొంతు. అంటే చూడాల్సింది బొమ్మలో మూలమూలనా ఉంది, చదవాల్సింది ఆపకుండా కింద పడుతోంది. ముందు వరసల్లో కూర్చుంటే కళ్లు పైకీ కిందకీ తిరగలేక, మనుషులు కదలడం లేదన్న విషయమే కాసేపటిదాకా పట్టుబడదు. వెనక్కి కూర్చుంటే రెండూ ఒకే చూపులో ఒదుగుతాయి.

పాత సినిమాల షోలు దొరికితే వదలకండి. కొత్తవాటికి జనం ఎగబడతారు, వీటికి సీట్లు సులువుగా దొరుకుతాయి. విలువ మాత్రం వీటిదే ఎక్కువ అని మా గట్టి నమ్మకం. 1960ల నుంచి లాత్వియా రాజధాని రీగాలో, తర్వాత లిథువేనియా రాజధాని విల్నియస్‌లో, టాలిన్‌లో ఎదిగిన కవితాత్మక డాక్యుమెంటరీ ధోరణి లేకుండా ఇవాళ్టి బాల్టిక్ సినిమా లేదు. దానికి గుండెలాంటిది హెర్జ్ ఫ్రాంక్ 1978లో తీసిన 'టెన్ మినిట్స్ ఓల్డర్'. పది నిమిషాలు, ఒక్కటే షాట్. తోలుబొమ్మల థియేటర్లో ఆట చూస్తున్న చిన్న పిల్లాడి ముఖం, అంతే. ఆట మనకు చూపించరు. పిల్లాడి కింది పెదవి ముందు కాస్త వేలాడుతుంది, తర్వాత వణుకుతుంది, కళ్లు పెద్దవవుతాయి, ఏడుపు అంచుదాకా వచ్చి నవ్వులోకి తిరుగుతుంది. మంచీ చెడూ రెండూ అతని ముఖం మీద నుంచే మనకు తెలుస్తాయి. కెమెరా పట్టింది యూరిస్ పోడ్నియెక్స్, తర్వాతి రోజుల్లో ఆయనే పెద్ద దర్శకుడయ్యాడు. మూడు వందల మీటర్ల 35 ఎంఎం రీలు ఆడేది సుమారు పదకొండు నిమిషాలు. కట్ లేకుండా తీయాలంటే ఆ హద్దు లోపలే అంతా జరిగిపోవాలి. ఇలాంటి పొట్టి చిత్రాన్ని ఒక్కదాన్నే వేయరు, నాలుగైదు కలిపి వేస్తారు. ఆలస్యంగా వెళితే మొదటిది పోతుంది.

పాత వాటికి టికెట్ కొనేముందు రెండు విషయాలు చూడాలి. మొదటిది శబ్దం ఏ భాషలోదన్నది. సోవియట్ కాలంలో ఈ సినిమాలు యూనియన్ మొత్తం తిరగడానికి రష్యన్‌లోకి డబ్ అయ్యాయి. అసలు ఎస్టోనియన్, లాత్వియన్, లిథువేనియన్ సౌండ్‌ట్రాక్ ఉన్న ప్రింటు అయితేనే నటుల గొంతు వినబడుతుంది. రెండోది, డిజిటైజ్ చేశారా, రిస్టోర్ చేశారా అన్నది. రెండూ ఒకటి కావు. నెగటివ్‌ను స్కాన్ చేసి వదిలేస్తే గీతలూ వెలిసిన రంగులూ అలాగే ఉంటాయి. ఫ్రేము ఫ్రేమూ శుభ్రం చేసి, రంగు సరిచేసి, శబ్దంలో బుసబుస తగ్గిస్తేనే రిస్టోరేషన్. మరో సంగతి, పాతవాటిలో చాలావరకు దాదాపు చతురస్రంగా ఉండే ఫ్రేములో తీసినవి. వెడల్పు తెర మీద వేసినప్పుడు రెండు పక్కలా నల్ల తెరలు దించి మూయాలి. మూయకపోతే పక్కన బూడిదరంగు పట్టీలు మెరుస్తుంటాయి. షో మొదలైన మొదటి నిమిషంలోనే బయటికి వచ్చి అక్కడున్న వలంటీరుకు చెప్పండి, ప్రొజెక్షన్ గదికి కబురు వెళుతుంది. సినిమా అయ్యాక చెప్తే ఎవరికీ ఉపయోగం లేదు.

కొత్తవాటిలో ఇప్పుడు లిథువేనియా ముందుంది. 2024లో స్విట్జర్లాండ్‌లోని లొకార్నో ఉత్సవంలో 'టాక్సిక్'కు అత్యున్నత బహుమతి గోల్డెన్ లెపర్డ్ వస్తే, అదే పోటీలో లౌరీనాస్ బరేషా 'డ్రౌనింగ్ డ్రై'కి ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చింది. మరియా కవ్తరాడ్జే 'స్లో' 2023లో అమెరికాలోని సన్‌డాన్స్ ఉత్సవంలో దర్శకత్వ బహుమతి గెలిచింది. వీటికి వెళ్లే ముందు ఏం ఎదురవుతుందో తెలిసి ఉండాలి. 'డ్రౌనింగ్ డ్రై'లో అక్కాచెల్లెళ్లిద్దరు కుటుంబాలతో చెరువు పక్క ఇంటికి వెళతారు, అక్కడ ఒక ప్రమాదం. కథ కాలక్రమంలో నడవదు. ఒకే ఘట్టం కొంచెం తేడాతో మళ్లీ వస్తుంది. మొదటి పది నిమిషాలు పోతే ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చుకోవడానికే సినిమా సరిపోతుంది. 'టాక్సిక్'లో మోడలింగ్ బడిలో చేరిన పదమూడేళ్ల ఆడపిల్లలు బరువు తగ్గడానికి తమ ఒంటికి చేసుకునేది చూడటం కష్టం. తిండి విషయంలో ఇబ్బంది పడుతున్న పిల్లలుంటే వాళ్లతో వెళ్లకండి. సినిమా గొప్పది, ఆ కారణంగానే బాగా తగులుతుంది.

రోజుకు ఎన్ని చూడొచ్చు? మూడు హాయిగా, నాలుగు కష్టంగా. నిడివి ఎనభై అయిదు నుంచి వంద నిమిషాల మధ్యే ఉంటుంది కదా, అయిదు పెట్టుకోవచ్చు అనిపిస్తుంది. కానీ షో తర్వాత దర్శకులతో ముచ్చట ఇరవై నిమిషాలు, అరగంట సాగుతుంది. బాల్టిక్ సినిమాల షోలో అసలు లాభం అదే. దర్శకుడే కాదు, కెమెరామన్, సౌండ్ డిజైనర్ కూడా అదే ఊళ్లోనో పక్క దేశంలోనో ఉంటారు కాబట్టి వస్తారు. ఎస్టోనియన్ సినిమా ప్రీమియర్‌లో మాటలు ఎస్టోనియన్‌లోనే సాగే అవకాశం ఎక్కువ. ఇంగ్లీష్‌లో వినాలంటే లాత్వియా, లిథువేనియా అతిథులు వచ్చే షోలు చూసుకోండి. రెండు షోల మధ్య, ఒకే కట్టడంలో అయితే నలభై నిమిషాలు, మల్టీప్లెక్స్ నుంచి సోప్రుస్‌కు అయితే గంట ఉంచుకోండి. నడక పదీ పదిహేను నిమిషాలే, కానీ రాళ్లు పరిచిన వీధులు తడి మంచుతో జారుతుంటాయి. నవంబర్ మధ్యలో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. ఈ ఉత్సవం పేరు అలా ఊరికే పెట్టలేదు.

మన అలవాటుకు ఆనని ఒక ముఖ్య విషయం, ఇంటర్వెల్ లేదు. సమోసా, టీ అన్న ఆలోచన పెట్టుకోకుండా ముందే తినండి. ఆలస్యంగా వచ్చినవాళ్లను లోపలికి పంపే విషయంలో ఉత్సవ షోల్లో కట్టుబాటు ఎక్కువ. ఫోన్ వెలుగును ఎవరూ సహించరు. బరువైన కోటు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే అరగంటకే ఉక్కపోస్తుంది, కోట్లు తగిలించే చోటు ఉంటే అక్కడ ఇచ్చేయండి. అయితే షో అవగానే అక్కడ వరస కడతారు, తర్వాతి షోకు సమయం తక్కువుంటే కోటు చేతిలోనే ఉంచుకోవడం నయం. సినిమా చివరి పేర్లు పూర్తయ్యేదాకా ఇక్కడివాళ్లు చాలామంది లేవరు. చిన్న దేశం కదా, ఆ పేర్లలో తమకు తెలిసినవాళ్లుంటారు.

పాస్ కొనాలా, విడి టికెట్లా? బాల్టిక్ సినిమాలు మాత్రమే చూడాలనుకుంటే విడి టికెట్లే. పాస్ ఉన్నా ప్రతి షోకూ సీటు విడిగా బుక్ చేసుకోవాలా అన్నది కొనేముందే చదవండి. స్థానిక దర్శకుల ప్రీమియర్లు ముందు నిండుతాయి, వాటికి అమ్మకాలు తెరిచిన రోజే కొనేయాలి. ప్రీమియర్ దొరక్కపోతే బాధపడొద్దు. రెండో షోలో వేదిక ప్రసంగాలుండవు, ప్రేక్షకులు ప్రశ్నలు ఇంకా బాగా అడుగుతారు.

నవంబర్ కుదరనివాళ్లకు మరో రెండు దారులున్నాయి. అక్టోబర్‌లో రీగా ఇంటర్నేషనల్ ఫిల్మ్ ఫెస్టివల్, 2014 నుంచి జరుగుతోంది. దాని పెద్ద ఆకర్షణ 1923లో కట్టిన స్ప్లెండిడ్ ప్యాలెస్. బరోక్ అలంకారాలతో ఉన్న ఆ హాలు అందం ముందు టాలిన్ హాళ్లేవీ నిలవవు. లాత్వియా సినిమాలకు అదే సరైన చోటు. మార్చిలో విల్నియస్‌లో కినో పావసరిస్, 1995 నుంచి ఉంది. లిథువేనియా ప్రేక్షకులు ఆ రెండు వారాలూ హాళ్లు నింపేస్తారు. మూడు దేశాలవీ ఒకచోట తూచి చూడాలంటే మాత్రం టాలిన్‌దే పైచేయి.

రీగా, కౌనస్, విల్నియస్, టార్టూలలో చదువుకుంటున్న తెలుగు పిల్లలకు ఇది అందుబాటులోనే ఉంది. రీగా నుంచి టాలిన్‌కు బస్సు నాలుగున్నర గంటలు. షెంజెన్ రెసిడెన్స్ పర్మిట్ ఉంటే వేరే వీసా అక్కర్లేదు, కార్డు వెంట ఉంచుకుంటే చాలు. హెల్సింకిలో ఉద్యోగాలు చేసేవాళ్లకు ఫెర్రీలో రెండు గంటలు. ఆఖరి ఫెర్రీ వేళ చూసుకోకుండా రాత్రి షో బుక్ చేయకండి. ఇక హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఉన్నవాళ్లు యూరోపియన్ యూనియన్ ఫిల్మ్ ఫెస్టివల్ భారత్‌కు వచ్చినప్పుడు ఈ మూడు దేశాల సినిమాలు ఉన్నాయేమో వెతకండి. ఆన్‌లైన్‌లో పెట్టినప్పుడు గది దీపాలు ఆర్పి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, టీవీలో కదలికలను కృత్రిమంగా నున్నగా చేసే 'మోషన్ స్మూతింగ్' ఆపేసి చూడండి. బ్రైట్‌నెస్ మాత్రం పెంచొద్దు. చీకటి షాట్లో ఏమీ కనబడటం లేదని పెంచితే నలుపంతా తెల్లబడిపోతుంది.